బిగించని సింహద్వారం

నాకు వడ్రంగం నేర్పిన మల్లయ్య మామకు,

కాలం చేసినవారికి విన్నపం పంపే విధానాన్ని ఏ శాఖా ప్రకటించనందున, మామూలు దరఖాస్తు రూపంలోనే సమర్పించుకుంటున్నాను.

మీరు పోయి నేటికి ఏడాది. ఎల్బీనగర్‌లో ఒక ఇంటికి కిటికీలన్నీ బిగించాను. మీరు నేర్పినట్టే, మిగిలిన కూలి బాకీ చేతికొచ్చేదాకా సింహద్వారం తలుపు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోని మన షెడ్డులోనే ఉంచాను. ఆ బాకీ రాకుంటే అద్దె కట్టలేక షెడ్డు ఖాళీ చేయవలసిందే. గృహప్రవేశం ముందురోజు ఆ ఇంటి యజమాని షెడ్డుకు వచ్చాడు.

“తలుపు బిగించవయ్యా, నీ డబ్బులెక్కడికి పోతాయి?”

“యాడికీ పోవు సార్. తలుపు గూడ యాడికీ పోదు, ఈడనే ఉంటది.”

సాయంత్రానికి బాకీ మొత్తం ఇచ్చాడు, తలుపు బిగించాను. కూలి ముట్టేదాకా చేసిన వస్తువును అట్టిపెట్టుకునే హక్కు చట్టంలోనే ఉందని తరువాత వకీలు చెప్పాడు. సంతకం రాని మీరు నాకు చట్టం నేర్పారు.

నన్ను వడ్రంగిగా తయారుచేసినందుకు మీకు పైసా చెల్లించలేదు. కనుక అదే చట్టం ప్రకారం నేను మీ స్వాధీనంలోనే ఉంటాను. విడుదల దరఖాస్తులు స్వీకరించబడవు. ఇదే అంతిమ ఉత్తర్వు.