నాన్న రాసిన బోర్డు

అన్నయ్యా, ఇక్కడ అందరం కులాసా.

మతిమరుపు ముదిరిన నాన్నను నలుగురిలోకి తీసుకెళ్తే నవ్వుతారేమోనని బెంగపడ్డావు. లైబ్రరీలో వారం వారం ఇలాంటి పెద్దవాళ్లూ, వాళ్లను చూసుకునే మేమూ కలుస్తున్నాం. పోయిన వారం అక్కడికొచ్చే నర్సమ్మ నాన్న చేతికి కుంచె ఇచ్చి, మేం కలిసే గదికి బోర్డు రాయమంది. నలభై ఏళ్లు షాపుల బోర్డులు రాసిన చెయ్యి కదా, నా పేరు మరిచినా 'జ్ఞాపకాల గది' అని ఒక్క వంకర లేకుండా రాశారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

నిన్న వెళ్తే నాన్న ఆ బోర్డు ముందే ఆగిపోయారు.

"ఎవరు రాశారోగానీ పనిమంతుడమ్మా."

"మా నాన్నండీ," అన్నాను.

"అదృష్టవంతురాలివి," అన్నారు.

మీ అటక మీదున్న ఆయన కుంచెలు కిరసనాయిలుతో కడిగి పంపు. వదినకు మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు ముద్దులు. ఈ కార్డు మూలనున్న 'శుభం' నాన్న దస్తూరీయే.

నీ చెల్లెలు