మావాడికి ఎఫ్ ఇవ్వండి

ఈరీ, పెన్సిల్వేనియా
1979 జూలై 9

'లేక్‌సైడ్ కొరియర్'లో ఆటల పేజీ రాసే టోర్పీ గారికి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. కానీ వారం రోజులుగా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు. కాబట్టి ఆ మాట రాయను.

నేను మన హెరన్స్ బాస్కెట్‌బాల్ జట్టు మేనేజరు లెన్ కోసిక్ తల్లిని. ఊరంతా కొంగలు, కొంగలు అని ముద్దుగా పిలుచుకునే ఆ జట్టే. ఏటా వేసవిలో ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చారు, కొత్తగా ఎవరి చేత సంతకం పెట్టించారు అని మీరు బడిపిల్లలకి వేసినట్టు అన్నిటికంటే మంచిదైన ఎ నుంచి ఫెయిలనే ఎఫ్ దాకా మార్కులు వేస్తారు కదా. ఈ వేసవిలో మావాడు రాండీ బోస్‌ని ఫోర్ట్ వేన్ జట్టుకి ఇచ్చేసి ఇద్దరు కుర్రాళ్ళని తెచ్చాడు. ఏడడుగుల ఆల్వా ప్రిన్స్ చేత సంతకం పెట్టించాడు. ఈ ఆదివారం మీరు మార్కు వేస్తారని విన్నాను.

ఒక తల్లి అడుగుతోంది, కాదనకండి. మావాడికి ఎఫ్ ఇవ్వండి. మరీ మనసొప్పకపోతే డి. అంతకంటే ఒక్క మెట్టు పైకి వెళ్ళినా మావాడి ఉద్యోగం ఊడుతుంది. ఎందుకని మాత్రం అడక్కండి. చెబితే మీరు నొచ్చుకుంటారు.

భయంతో,
యాద్విగా కోసిక్

తా.క.: ఇది రాసినట్టు మావాడికి తెలియదు. వరండాలో కూర్చుని మీ పాత పేజీలు చదువుతూ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఎడమ చేతివి అయిపోయాయి.


'లేక్‌సైడ్ కొరియర్' కార్యాలయం
జూలై 12

గౌరవనీయులైన కోసిక్ అమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. బిడ్డకి మంచి మార్కు వెయ్యమని అడిగిన తల్లుల్ని చూశాను. ఒకావిడ కేకు కూడా పంపింది. ఎఫ్ అడిగిన తల్లిని మాత్రం మిమ్మల్నే చూడటం. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. మీరు ఆ సామెతనే తలకిందులు చేశారు.

అమ్మా, మీ ఎత్తు నాకు అర్థమైంది లెండి. "ఆహా, ఎంత వినయం గల తల్లి!" అని కరిగిపోయి నేను ఎ వేసెయ్యాలి, అంతే కదా? అంత శ్రమ మీకు అక్కర్లేదు. ఎ వెయ్యాలని నేను ముందే అనుకున్నాను.

రాండీ బోస్ ఆటకి పాతిక పాయింట్లు వేసే మాట నిజమే. కానీ వాడి చేతికి వెళ్ళిన బంతి మళ్ళీ ఇంకొకడి కంట పడదు. మిగతా నలుగురూ పెళ్ళికి వచ్చిన చుట్టాల్లా నిలబడి చూడాలి. వాడిని వదిలించుకుని, బంతిని నలుగురికీ పంచిపెట్టే డెల్‌బర్ట్ ఫ్రైని తెచ్చాడంటే మీవాడికి ఆట తెలుసు. ప్రిన్స్ మోకాలి మీద నాకు కాస్త అనుమానం ఉంది. ఉన్నా, ఏడడుగుల మనిషి బజార్లో దొరకడు కదా.

ఆదివారం చూసుకోండి. గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోండి.

మీ శ్రేయోభిలాషి,
మైల్స్ టోర్పీ

తా.క.: ఆ కేకు చాలా బాగుంది. అయినా వాళ్ళబ్బాయికి సి వేశాను. నేను లొంగే మనిషిని కాను.


ఈరీ
జూలై 16

టోర్పీ గారికి,

ఎంత పని చేశారు! నిన్న మీ పేజీ చూసి మావాడు కుర్చీలో అలా కూలబడిపోయాడు. "అమ్మా, ఎ వేశాడే" అన్నాడు. ఇంట్లో చావు కబురు చెప్పినట్టు అన్నాడు.

మీరు నొచ్చుకున్నా సరే, ఇక చెప్పక తప్పదు. జట్టు యజమాని ఆంబ్రోస్ లూట్జ్ గారు బాయిలర్లు చేయించే మనిషి. ఆటంటే ఆయనకి ఓనమాలు రావు. ఆయనకున్న శాస్త్రమల్లా మీరే. "టోర్పీ తేలుతుందన్న పడవ మునుగుతుంది, మునుగుతుందన్నది తేలుతుంది. వాణ్ణి తిరగేసి చదివితే చాలు" అని నలుగురిలో అంటారట. మావాడికి ముందున్న మేనేజర్లు ఇద్దరికీ మీరు ఎ వేశారు. ఇద్దరూ మంచు పడకముందే పెట్టె సర్దుకున్నారు. మీరు ఎఫ్ వేసి, "ఈ కొంగలు జపం చేసుకోవడానికే పనికొస్తాయి" అని రాసిన ఏడాదే మనవాళ్ళు పైదాకా వెళ్ళారు.

మా లెన్ పన్నెండేళ్ళప్పుడు ఆ జట్టులో తువ్వాళ్ళు ఉతికే పనికి చేరాడు. వాడికి ఇంకో పని రాదు, ఇంకో ఆశ లేదు. ఫోన్ మోగితే దాని మీద తువ్వాలు కప్పేస్తున్నాను. నాకు భయంగా ఉందండీ. "మళ్ళీ ఆలోచిస్తే ఇది ఎఫ్ అనిపిస్తోంది" అని రెండు ముక్కలు రాయండి. మీకు పుణ్యం ఉంటుంది.

యాద్విగా కోసిక్

తా.క.: ప్రిన్స్ మోకాలు అనుమానమని రాశారే, ఆ ఒక్క వాక్యం పదిసార్లు చదువుకున్నాం. కాస్త ఊరటగా ఉంది.


'లేక్‌సైడ్ కొరియర్' కార్యాలయం
జూలై 20

కోసిక్ గారికి,

తిరగేసి చదువుతారా? నన్నా? ఈ ఊరికి బంతి ఎటు విసరాలో నేర్పినవాణ్ణి నేను! ఆ ఇద్దరు మేనేజర్లూ మంచి జట్లే కట్టారు. ఓడిపోయింది ఆటగాళ్ళు. దానికి నేనేం చేస్తాను?

మీరు భయంలో ఉన్నారు కాబట్టి మీ మీద కోపం లేదు. అందుకే మీకో మేలు చేశాను. రేపటి పేజీలో మీ మాటలే కొన్ని వేస్తున్నాను. మీ పేరు లేదు, "తూర్పు పేటకి చెందిన ఒక గృహిణి" అని మాత్రమే ఉంది. ఈ వేసవి బేరాలకి ఎఫ్ ఇవ్వాలని ఆవిడ వాదన అని చెప్పి, ఆ వాదనని పేజీ నిండా తుక్కుతుక్కు చేశాను. చివర మీవాడి మార్కు ఎ నుంచి ఎ ప్లస్‌కి పెంచాను. ఇంత చదివాక కూడా లూట్జ్ గారు తిరగేస్తే, ఆయన బాయిలర్లు కూడా తలకిందులుగానే బిగిస్తున్నారనుకోవాలి.

ఇంక దిగులు మానండి.

మైల్స్ టోర్పీ

తా.క.: మీ ఉత్తరం మా ఆవిడకి చూపించాను. నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. ఎందుకో చెప్పడం లేదు.


ఈరీ
జూలై 24, మంగళవారం

టోర్పీ గారూ,

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు.

శనివారం లూట్జ్ గారు పేపరు పట్టుకుని ఆఫీసులోకి ఊగిపోతూ వచ్చారట. "ఎవరో గానీ ఈ ఊళ్ళో బుర్రున్నది ఈ గృహిణికొక్కతికే! టోర్పీ ఎ ప్లస్ అంటుంటే ధైర్యంగా ఎఫ్ అంటోంది చూశావా!" అని మావాడి మొహం ముందే పేపరు ఆడించారట. శుక్రవారం అందరినీ కూర్చోబెట్టి లెన్ సంగతి తేలుస్తారట. అంటే ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

రాత్రి భోజనాల దగ్గర మావాడు అన్నాడు: "అమ్మా, ఈ పేటలోనే ఎవరో ఆడమనిషికి నేనంటే ఎంత కసో చూడు. ఆవిడకి నేనేం అపకారం చేశానే?" "తిను నాయనా" అని ఇంకాస్త వడ్డించాను. తర్వాత వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. కన్నతల్లినై ఉండి వాడి ఉద్యోగానికి నేనే గొయ్యి తవ్వాను.

గురువారం పేజీలో ఎఫ్ వెయ్యండి. మీ పరువు నాకు అక్కర్లేదు, నా పరువు మీరు తీసుకోండి. వాడి ఉద్యోగం ఒక్కటి నిలబెట్టండి. చర్చిలో మీ పేరున కూడా కొవ్వొత్తి వెలిగించాను.

యాద్విగా కోసిక్

తా.క.: ఈ ఉత్తరం పట్టుకొచ్చిన మా మరిది చేతికి మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు గిన్నెడు ఇచ్చి పంపాను. మీరు లొంగే మనిషి కాదని తెలుసు. కేకు పంపినావిడకి సి వేశారని కూడా తెలుసు. నాకు సి కూడా ఎక్కువే. ఉప్పు కాస్త ఎక్కువ వేశాను.


టోర్పీ ఇల్లు
జూలై 25

అమ్మా,

ఇది ఆఫీసు నుంచి రాయడం లేదు. ఇంటి నుంచి రాస్తున్నాను.

నిన్న సాయంత్రం మా ఆవిడని గట్టిగా నిలదీశాను. "నవ్వెందుకు?" అన్నాను. ఆవిడ మా ముందుగదిలో సోఫా చూపించి, "ఇది ఎలా వచ్చిందనుకుంటున్నారు?" అంది. తను పనిచేసే ఆఫీసులో ఏటా కొంగల మీద పందేలు కాస్తారట. మా ఆవిడ నా పేజీ చదివి, సరిగ్గా దానికి ఎదురు కాస్తుందట. సోఫా అలా వచ్చింది. చలికోటు కూడా అలాగే వచ్చింది. "మీరు రాయడం మానకండి, ఇంకా వాషింగ్ మెషిన్ కొనాలి" అని బతిమాలింది. ఆ సోఫాలో కూర్చునే నేను ఇన్నాళ్ళూ మార్కులు వేశాను.

రేపటి పేజీలో ఎఫ్ వేశాను. ఫ్రై చేతకానివాడని రాశాను. ప్రిన్స్ మోకాలు ఐస్‌క్రీమ్ పుల్లతో కట్టిందని రాశాను. మీరు చెప్పింది నిజమైతే మీవాడు గట్టెక్కుతాడు, నేను మునుగుతాను. అబద్ధమైతే నేను తేలుతాను, మీవాడు మునుగుతాడు. దేవుణ్ణి ఏమని వేడుకోవాలో తోచక ఊరుకున్నాను. నాకూ భయంగానే ఉంది.

మీ
మైల్స్

తా.క.: గిన్నె ఖాళీ అయింది. ఉప్పు సరిపోయింది. ఈ మాట కూడా తిరగేసి చదువుకోవాలేమో, నాకిప్పుడు ఏదీ నమ్మకం లేదు.


హెరన్స్ జట్టు కార్యాలయం
సెప్టెంబర్ 4

టోర్పీ గారికి,

నేను లెన్ కోసిక్‌ని. మా అమ్మకీ మీకూ మధ్య నడిచిన ఉత్తరాల సంగతి నాకు ఈమధ్యే తెలిసింది. నా కోసం పరువు పోగొట్టుకున్నారు. మీ మేలు మర్చిపోను. మీ ఎఫ్ అచ్చయిన మర్నాడు, శుక్రవారం, లూట్జ్ గారు నన్ను వాటేసుకుని, "నువ్వు ఉంటావోయ్, హాయిగా ఉండు!" అన్నారు.

అక్కడితో ఆగితే ఈ ఉత్తరం ఉండేది కాదు. ఆయనకి ఆ గృహిణి మీద మోజు పోలేదు. మీకు ఉత్తరం పట్టుకొచ్చిన మా బాబాయ్‌కి ఒక బీరు పోయించి ఆరా తీసి, తిన్నగా మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నారు. "అమ్మా, ఇప్పుడు టోర్పీ ఎఫ్ అంటున్నాడు. నువ్వేమంటావ్?" అన్నారు. నా ఉద్యోగం పోతుందన్న భయంతో అమ్మ వెంటనే "ఎ" అంది. లూట్జ్ గారు బల్ల గుద్దారు. "టోర్పీ ఎ అంటే ఈవిడ ఎఫ్! టోర్పీ ఎఫ్ అంటే ఈవిడ ఎ! ఇన్నాళ్ళూ వాణ్ణి తిరగేసుకోలేక చచ్చాను, తిరగేసిన టోర్పీ ఇక్కడే ఉంది!" అన్నారు.

ఆగస్టు నుంచి అమ్మ నా పై అధికారి. నా బల్ల కిటికీ దగ్గర్నుంచి తలుపు దగ్గరికి వచ్చింది. ఆటగాళ్ళ బేరాలన్నీ ఇప్పుడు అమ్మ చేతి మీదుగానే. ఏడడుగుల ప్రిన్స్‌కి భోజనం పెట్టింది. రెండోసారి వడ్డించుకోలేదని, "ఇలా తినేవాడు ఆటేం ఆడతాడు" అని వాడిని పంపించేసింది. డెల్‌బర్ట్ ఫ్రై ఆదివారాలు వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యడని తెలిసి వాడినీ మార్చేసింది. బదులుగా వచ్చినవాడు మంచి పిల్లాడు. వాడికి బంతి పట్టుకోవడమే సరిగ్గా రాదు. లూట్జ్ గారు ఆనందంతో చేతులు నలుపుకుంటున్నారు.

టోర్పీ గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఆదివారం మా అమ్మ చేసిన బేరాలకి ఎ ప్లస్ వెయ్యండి. పేజీ నిండా పొగడండి. ఫొటో కూడా వెయ్యండి. ఇంత మేధావి ఈ ఆటలోనే పుట్టలేదని రాయండి. ఆవిడని ఆ కుర్చీలోంచి లేపగలిగేది ఈ భూమ్మీద మీ మెచ్చుకోలు ఒక్కటే.

దిక్కు తోచని
లెన్

తా.క.: ఇది ముగిస్తుండగా అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఉత్తరం మోచేతి కింద దాచాను. "నాయనా, ఈ లూట్జ్ గారిని నమ్మలేం. రేపు నీ ఉద్యోగం తీసేస్తాడేమోనని నాకు ఒకటే బెంగగా ఉంది. తీసేస్తే వీధిన పడతావు, మారిస్తే పడవు కదా. అందుకని నిన్ను టొలీడో జట్టుకి ఇస్తానని వాళ్ళకి ఫోన్ చేశాను" అంది. అమ్మ కళ్ళు ఒత్తుకుని, నా తల నిమిరి అంది: "ఊరికే ఇస్తామన్నా ఒక్కణ్ణే తీసుకోరటరా. నీతోపాటు ఇంకో మంచి ఆటగాణ్ణి కలిపి ఇమ్మంటున్నారు."