ఆదివారం చెప్పాల్సిన మాట

మార్తమ్మా,

అక్షరాలు వంకరపోయినా, రాతలో తప్పులున్నా ఏమనుకోకు.

నువ్వు పేగుల జబ్బుతో పోయి రేపటికి నాలుగేళ్లు. ఇప్పుడు మన బిడ్డ సుగుణకూ అదే జబ్బు, అదే నెత్తురు విరేచనాలు. గడ్డపోతారం కంపెనీలో పని మానేసి నా దగ్గరే ఉంటోంది. నిన్న రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. చాలా అలసిపోయాను.

అక్కడ ఈ జబ్బు మీద పరిశోధన చేసే డాక్టరమ్మ, పరీక్ష కోసం పేగు నుంచి చిన్న ముక్క తీసుకుంటామంది. సుగుణ ఒప్పుకుని, నా ముందే చెప్పింది.

"మా నాయిన తొక్కు పచ్చడి ముట్టనియ్యడు మేడం. అమ్మను గూడ గిట్లనే సతాయించిండు."

నేను తలవంచుకునే అడిగాను. "తొక్కు తిన్నందుకే గద మేడం, మా ఇంటామెకు వచ్చింది?"

"కాదు తాతా. రోగాలను ఆపే కాపలా మన ఒంట్లనే ఉంటది. అది దారితప్పి సొంత పేగుల మీదనే పడ్డది. ఎందుకు పడ్డదో ఇంకా వెతుకుతున్నం. పేగులు పుండైనప్పుడు కారం తగ్గించాలె, గంతే. ఆమె తప్పేం లేదు."

నువ్వు జబ్బుతో ఉన్నప్పుడు చర్చి భోజనాల్లో అందరి ముందు నీ విస్తరిలోంచి తొక్కు తీసి పారేశాను. నోరు కట్టుకోలేకనే రోగం తెచ్చుకున్నావన్నాను. నువ్వు ఉత్త అన్నం తిని లేచావు.

చర్చిలో నిలబడి మనసులో మాట సాక్ష్యంగా చెప్పమంటే నేనెప్పుడూ లేవలేదు, నీకు తెలుసు. ఈ ఆదివారం లేచి, నీ తప్పు లేదని అందరి ముందే చెప్పాలి. ఎట్లా మొదలుపెట్టాలో తోచడం లేదు. శనివారం లోపలే జవాబు రాయి.