గేరు బండి

శుక్రవారం రాత్రి, అజ్మాన్

ఫ్రాన్సులో పల్లెల మీదుగా కారు నడుపుతూ కోటలన్నీ చూపిస్తానని నెల రోజులుగా పిల్లలకు గొప్పలు చెప్పుకున్నాను. సాయంత్రం సుజాత నా ఫోన్లో కారు బుకింగ్ చూసింది.

"ఇది గేరు బండి అండీ. మీ లైసెన్సు ఆటోమేటిక్‌కే కదా," అంది.

ఇక్కడ నడిపేవన్నీ ఆటోమేటిక్‌లే కాబట్టి నాకు ఆ సంగతే తట్టలేదు. మారుద్దామంటే అక్కడ ఆటోమేటిక్ కార్లు ఖలాస్.

"నాది మాన్యువలే కదా, నేను నడుపుతాలెండి. మీరు పక్కన కూర్చుని దారి చెప్పండి," అంది మామూలుగా.

నిజమే. నేను టెస్టు మూడుసార్లు తప్పితే, తను గేరు బండి మీద మొదటిసారే పాసైంది. అయినా ఆ పక్క సీటు నాకు మింగుడుపడలేదు. గదిలోకి వెళ్లి కారు రద్దు చేసి బస్సు టూరు బుక్ చేశాను. ఇక చూసేది ఒక్క కోటే.

"కారెందుకు వద్దు నాన్నా?" అంది పాప.

"ఆ రోడ్ల మీద నడపాలంటే అమ్మకి భయమట."

నా నోటికి అదెలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కావడం లేదు. రోజూ షార్జా ట్రాఫిక్‌లో తనను బడికి తీసుకెళ్లే అమ్మ వైపు పాప వింతగా చూసింది. సుజాత గోరుచిక్కుళ్లు తుంచుతోంది. కాదంటుందనే అనుకున్నాను.

"అవునమ్మా, నాకే భయం," అంది, తల ఎత్తకుండా.