గడ మీద పలికిన పేరు

నవంబర్ 3, సోమవారం

ఇందుమూలంగా మా ఇంటి యావన్మంది ప్రజలకూ చాటించడమేమనగా— నేటి నుంచి నా రబ్బరు చెప్పులు తొడుక్కుని పెరట్లోకి పోయినవారు, నిమ్మకాయ పచ్చడి జాడీలో తడి గరిటె ముంచినవారు, నా కళ్లజోడు మీద కూర్చుని "ఇక్కడెవడు పెట్టేడు" అని నన్నే ఎదురడిగినవారు రాజద్రోహులుగా ఎంచబడుదురు. శిక్ష— పూటపూటా నా పాట వినుట.

స్టీలు పళ్లెం వాయిస్తూ మరీ చదివాను. మా ఆవిడ పార్వతి వంటింట్లోంచి, "కొట్టు తియ్యండి, అప్పడాల కోసం జనాలొచ్చేస్తారు" అంది. ఆవిడ నవ్వదు. అది ఆవిడ రూలు.

చదివింది మా అక్క కోసం— అప్ప అంటాను. అప్ప కిటికీ దగ్గర కూర్చుని బయటికే చూస్తోంది. ఒకప్పుడైతే కొంగు నోట్లో కుక్కుకునేది. ముందటి ఠాకురాణి అమ్మవారి జాతరకి నేను ఆడవేషం కట్టి, అచ్చం అప్ప గొంతుతో "ఏవండోయ్" అని పిలిస్తే బావ లుంగీ సర్దుకుంటూ "వస్తన్నానే" అని పరిగెత్తుకొచ్చాడు. అప్ప నవ్వి నవ్వి నేల మీద కూలబడింది.

ఆ నవ్వెక్కడికి పోయిందో...

నవంబర్ 4

అప్ప అన్నం మళ్లీ వీధి కుక్కకి. కుక్క లావెక్కుతోంది.

నవంబర్ 5, కార్తీక పౌర్ణమి

తెల్లారకుండానే వీధి వీధంతా అరటి డొప్పల పడవలు వదలడానికి వెళ్లింది. అప్ప లేవలేదు.

బావ మాఘంలో పోయాడు. చిలకా ఒడ్డున రంభ ఊళ్లో వాళ్ల ఇంటికి తాళం పెట్టి అప్పని ఇక్కడికి తెచ్చుకున్నాం. శవం లేచినప్పుడు కూడా కంట్లో చుక్క రాలేదు. ఇప్పటికీ రాలేదు. మనిషి చీపురుపుల్లయిపోయింది. అప్ప జాకెట్లన్నిటికీ పార్వతి కుట్లు బిగించింది. డాక్టరు, "ఏడవనివ్వండి, లేకపోతే మనిషి దక్కదు" అన్నాడు. దానికి మాత్ర రాయవయ్యా అంటే కోపమొచ్చింది ఆయనకి.

నవంబర్ 6

విధవ పెన్షను పనికి వెళ్లాం. ఆఫీసులో గుమాస్తా బాబు తలెత్తకుండా ఒడియాలో "స్వామింక నా?" అన్నాడు. మొగుడి పేరు చెప్పమని. అప్ప నా వైపు చూసింది. నేనే చెప్పాను— సింహాద్రి.

పెళ్లయింది మొదలు ఆ పేరు అప్ప నోట రాలేదు. పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నేర్పిన పాఠం. ఆఖరికి సింహాచలం యాత్రకి వెళ్లినా "ఆ కొండ", "ఆ సామి" అంటుంది తప్ప పేరెత్తదు. ఇంకా తగ్గడానికి ఆయుష్షేదీ? అయినా అనదు.

పేరు గొంతుకి అడ్డం పడి ఉంది. నాకలా అనిపించింది. నేను డాక్టర్ని కాదు. ఎనిమిదో తరగతి కూడా సరిగ్గా కాదు.

నవంబర్ 7

సాయంత్రం అప్ప మాట్లాడింది. "గడ సూపిస్తానన్నారు మీ బావ."

అంతే. మళ్లీ కిటికీ.

కొడల వెళ్లే బస్సులోంచి ఓ కొండ కనిపిస్తుంది. పైన ఎప్పటివో రాజుల కోట గోడలు— ఇక్కడందరూ గడ అంటారు. బస్సు ఎక్కినప్పుడల్లా బావ చెయ్యి చాపి, "ఓ రోజు ఎక్కుదాం" అనేవాడు. ఆయన ఓ రోజులన్నీ అయిపోయాయి.

పార్వతి: "ఆ వొంటితో కొండెక్కిస్తారా? మీకు మతి పోయిందేటి?"

పోయింది. ఆదివారం వెళ్తున్నాం.

నవంబర్ 9, ఆదివారం

కొడల దాకా బస్సు. అక్కణ్ణుంచి ఆటో. కొండ కింద మేకలు కాస్తున్న ముసలాయన్ని దారడిగితే, "ఉపరె కిచ్ఛి నాహి, ఖాలి పథర" అన్నాడు. పైనేమీ లేదట, ఉత్త రాళ్లేనట. ఆ మాత్రం మా ఇంట్లోనూ ఉన్నాయి అన్నాను. అప్ప నవ్వలేదు.

ఎక్కడం, కూర్చోవడం. ఎక్కడం, కూర్చోవడం. మెట్లు అరిగి నున్నగా ఉన్నాయి. ఎన్ని కాళ్లో... ఏనుగులు కూడా ఎక్కేవట. నాకు రొప్పు. అప్పకి లేదు, ఎండుటాకులా తేలిపోతోంది. దానికే భయమేసింది.

పైన వాకిలి. తలుపులు లేవు, రాతి ద్వారబంధమే. లోపల ధాన్యం కొట్టు గోడ ఒకటి నిలబడి ఉంది. పైకప్పు లేదు. దాని వెనక తొట్టిలో పచ్చటి వాననీళ్లు. దూరంగా చిలకా సరస్సు, పళ్లెంలా మెరుస్తూ. అంత పెద్ద రాజ్యం చేసినోళ్ల పేర్లు చెప్పేవాడు ఒక్కడూ లేడు అక్కడ.

అప్ప వాకిలి ముందు నిలబడి, "ఇదేనా?" అంది.

అప్పుడు నా నోరు తెరుచుకుంది. "అప్పా, ఇక్కడో ఆనవాయితీ ఉంది. యుద్ధానికెళ్లిన రాజు తిరిగి రాలేదట. రాణి ఈ వాకిట్లో నిలబడి, ఎన్నడూ అనని మొగుడి పేరు గట్టిగా పిలిచిందట. కొండ తిరిగి పలికిందట. అప్పట్నుంచి మొగుడు పోయినోళ్లు ఇక్కడికొచ్చి ఒకసారి పిలవాలి. కొండ పలికితే ఆ పెద్దమనిషి విన్నట్టే."

"ఎవులు సెప్పేరు నీకు?"

"ఆ మేకల ముసలాయన."

"ఆడితో మాటాడింది నా ముందే కదరా."

కాళ్లు కడుక్కొస్తానని తొట్టి వైపు వెళ్లిపోయాను.

గాలి. తర్వాత సన్నగా— సింహాద్రీ... పిల్లిపిల్ల అరిచినట్టు. మళ్లీ. మూడోసారి గొంతు చిరిగిపోయేలా, "సింహాద్రీ!"

కొండ పలికింది. సింహాద్రీ అని, అంతే స్పష్టంగా, అంతే ఆడగొంతుతో.

నేను వచ్చేసరికి అప్ప రాతి మీద కూలబడి ఏడుస్తోంది. మాఘం నుంచి దాచిందంతా. నేను పక్కన కూర్చున్నాను. జోకు ఒక్కటీ దొరకలేదు.

నవంబర్ 10

అప్ప రెండోసారి పప్పు వడ్డించుకుంది. కుక్క గుమ్మంలో నిలబడి నిలబడి వెళ్లిపోయింది.

నవంబర్ 13

అప్ప పార్వతితో: "మా సింహాద్రికి ఈ కూర ఇంత కారం ఉంటే గానీ దిగేది కాదు." పార్వతి గరిటె జారవిడిచింది. అప్ప ఆ పేరుని లడ్డూలా నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటోంది.

నవంబర్ 17

గోల. కొండ పలికిందని అప్ప వీధిలో ఆడవాళ్లందరికీ చెప్పేసింది. వచ్చే ఆదివారం గడకి వ్యాను మాట్లాడుకున్నారట, అందరూ మొగుళ్లు పోయినోళ్లే. నన్ను దారి చూపించమన్నారు. ఎదురింటి కనకం కొట్టు దగ్గరికొచ్చి, అప్పడాలేమీ కొనకుండా, "నిజంగా పలుకుద్దా, సూరి తమ్ముడూ?" అంది. మొగుడు పోయి మూడేళ్లు. ఆ అడగడం నాకు నచ్చలేదు. ఆశగా అడిగింది.

నవంబర్ 20

ఉండబట్టలేక అప్పని కదిపాను. ఆ రాణి కత అంత నమ్మాల్సింది కాదేమో అన్నాను.

"నమ్మిందెవుల్రా? అబద్ధమాడేటప్పుడు నీ ఎడం చెవి ఎర్రబడుద్ది, సిన్నప్పట్నుంచీ. రాణీ లేదు, గీణీ లేదు. నా సేత అనిపించాలని అన్నావు, అన్నాను. కానీ కొండ పలికింది సూడు— అది నువ్వు పుట్టించగలవేటి? ఆయన విన్నారు. నాకదొక్కటి సాలు."

కొట్టు తియ్యాలని చెప్పి లేచిపోయాను.

నవంబర్ 22, శనివారం

రేపే వ్యాను.

ఈ డైరీకి కూడా అబద్ధం రాశాను. గడ మీద ఏ కొండా పలకలేదు. అప్ప మూడుసార్లు పిలిచింది, మూడుసార్లూ గాలే. మూడోదాని తర్వాత ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. ధాన్యం కొట్టు గోడ వెనక నిలబడి, జాతరలో బావని పిలిచిన గొంతుతోనే, నేనే అరిచాను.

చెబితే అప్ప మళ్లీ కిటికీ దగ్గరికి పోతుంది. చెప్పకపోతే రేపు కనకం ఆ వాకిట్లో నిలబడి పిలుస్తుంది.

కనకం గొంతు బొంగురు. అప్ప గొంతంత సులువు కాదు. ఇందాక పెరట్లో ఎవరూ లేనప్పుడు మెల్లిగా ఒకసారి ఆ గొంతు ప్రయత్నించాను.

లోపల్నుంచి అప్ప, "సీకట్లో నిలబడ్డావేటే కనకం, లోపలికి రా" అంది.