కొబ్బరి మీద వాలిన సరుగుడు

నవంబరు 4

తుఫాను వెళ్ళిపోయింది కానీ ఫోను ఆగడం లేదు. మద్దిలపాలెం నుంచి తగరపువలస దాకా రోడ్డు పక్కన కొమ్మల కుప్పలే. అందరికీ ఈరోజే కావాలి, ఇప్పుడే కావాలి. చేతినిండా పని ఉందని సంతోషపడాలి. పడలేకపోతున్నాను.

పొద్దున ట్రాలీ ఆటోలో చెట్లు కోసే మిషన్ ఎక్కిస్తున్నప్పుడు మా ఆయన ఎడమ చేతిని చంకలో దాచుకున్నాడు. ఆయన పేరు తిరుమలరావు. పెళ్ళికి ముందు నుంచీ మావ అనే పిలుస్తాను, రాసేటప్పుడు కూడా అదే వస్తుంది. ఏమైందంటే చలి అన్నాడు. మన వైజాగులో నవంబరుకి చలేమిటి? చెయ్యి లాగి చూశాను. చూపుడు వేలు, మధ్య వేలు సగం దాకా సున్నం రాసినట్టు తెల్లగా ఉన్నాయి. గోరుతో గిచ్చాను. మావకి తెలియలేదు. కాసేపటికి ఎర్రబడ్డాయి, అప్పుడు మంట పుట్టింది. రోజూ ఇంతేనా అంటే తడిగా ఉన్న రోజున మాత్రమే అన్నాడు.

రోజూ తడే కదా.

నవంబరు 6

నిద్ర పట్టక లేచి కూర్చున్నాను. రాస్తే పడుతుందేమో.

మధురవాడలో ఒక అపార్ట్‌మెంటు వెనక తురాయి చెట్టు పడిపోయింది. మావ కొమ్మలు కోస్తున్నాడు. నేను నా చోట్లో ఉన్నాను. మావ కోస్తాడు, నేను చూస్తాను. నా ఉద్యోగం అదే. చెవులకి మఫ్లు, ఎదురుగా మిషన్ మోత, మావకి ఏమీ వినబడదు. అందుకని మావకి కనబడేలా, చెట్టు ఎటు పడినా నాకు తగలనంత దూరంలో నిలబడతాను. మనుషుల్ని రానివ్వను. ఏదైనా తేడాగా ఉంటే చెయ్యెత్తుతాను, మావ ఆపేస్తాడు. వెనక నుంచి వెళ్ళి భుజం తట్టకూడదు. మిషన్ నడుస్తుంటే ఉలిక్కిపడిన మనిషి ఎటు తిరుగుతాడో దేవుడికే తెలియాలి.

ఈరోజు చెయ్యెత్తే టైం కూడా దొరకలేదు. చైను తిరిగే బార్ కొస, అంటే ముక్కు, ఆకుల వెనకున్న ఇంకో కొమ్మకి తగిలింది. తగలగానే మిషన్ పైకి ఎగిరింది, మావ ముఖం మీదికి. బ్రేకు పడింది. చైను ఆగింది. హెల్మెట్ ముందుండే జాలీకి బెత్తెడు దూరంలో ఆగింది.

ముక్కుతో కోయకూడదని మావకి తెలియదా? నాకు నేర్పిందే ఆయన. కానీ నేను చూసింది ముక్కుని కాదు. ఎడమ చేతిని. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ లేదు. పైన ఊరికే ఆనించి ఉంది. మిషన్ ఎగరగానే ఆ చెయ్యి జారిపోయింది, పసిపిల్లాడి చేతిలాగ.

చైను మొద్దుబారింది అన్నాడు. నేను ఊఁ అన్నాను.

నవంబరు 7

చైను పదును పెట్టించాలని వన్‌టౌన్‌లో నిసార్ అన్న షాపుకి నేనే వెళ్ళాను. మా మిషన్ కొన్నప్పటి నుంచీ రిపేర్లన్నీ ఆయనే చేస్తాడు. విప్పి చూసి, చైను బాగానే ఉందన్నాడు. హ్యాండిల్ దగ్గరుండే రబ్బర్లు అరిగిపోయాయట. మిషన్ వణుకంతా చేతుల్లోకే పోతోందట. చాలా రోజుల నుంచే అన్నాడు.

తర్వాత తల ఎత్తకుండా, బావ వేళ్ళు ఎలా ఉన్నాయి అని అడిగాడు. నేనేమీ చెప్పకముందే. ఆయన మామూ, అంటే మేనమామ, ఒకాయన క్వారీలో డ్రిల్లింగు చేసేవాడట. చివరికి చొక్కా గుండీలు మదీనా బీ పెట్టేదట, అంటే ఆయన భార్య.

“రబ్బర్లు నాను మారుత్తాను సెల్లెమ్మా. బావ వేళ్ళు ఎవుడు మారుత్తాడు?” అన్నాడు.

ఆ రబ్బర్లు స్టాకు లేవు. తెప్పిస్తానన్నాడు.

నవంబరు 9

మావ మాట్లాడటం లేదు. నిసార్ అన్న ఫోన్లో వేళ్ళ గురించి అడిగాడట, నేనే చెప్పాననుకుంటున్నాడు.

నవంబరు 10

బతిమాలి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చిన్న పిల్ల, ఓపిగ్గా చూసింది. కళ్ళు మూసుకోమని ఒక్కో వేలిని పిన్నుతో తాకింది. ఏ వేలిని తాకిందో మావ తప్పు చెప్పాడు. కావాలని చెబుతున్నాడా అన్నంత తప్పు.

మిషన్ వణుకు వల్ల వేళ్ళకి రక్తం సరిగా అందడం లేదు, నరాలు కూడా దెబ్బతిన్నాయి అంది. మిషన్ వదిలేయాలి. బీడీ మానేయాలి. తగ్గుతుందా అంటే ఇప్పుడే ఆపితే తగ్గవచ్చు, పూర్తిగా తగ్గకపోవచ్చు అంది. ఇలాగే కోస్తూ పోతే మాత్రం పట్టు ఇంకా పోతుందట.

బయటికి రాగానే మావ బీడీ ముట్టించాడు. నా వైపు చూసి ఆర్పేశాడు.

నవంబరు 11

పొద్దున లేచేసరికి మిషన్ ఆటోలో ఉంది.

నవంబరు 12

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

భీమిలిలో, చేపలు ఎండబెట్టే చోటికి వెనక, దేముడమ్మ అనే ముసలావిడ ఇల్లు. రేకుల కప్పు. ఒక్కర్తే ఉంటుంది. పెరట్లో సరుగుడు చెట్టు తుఫానుకి కొంచెం ఒరిగింది. పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. ఇల్లు లేని వైపు ఖాళీ ఇసక ఉంది, అటు పడేస్తే చాలు. మావ మామూలుగా కళ్ళు మూసుకుని చేసే పని.

ముందు పడాల్సిన వైపు నోరు తెరిచినట్టు గాటు పెట్టాడు. బాగానే వచ్చింది. తర్వాత వెనక నుంచి కోత. ఈ కోత చివరిదాకా పోకూడదు. మధ్యలో కొంత కట్టె వదలాలి. తలుపుకి బందు ఎలాగో చెట్టుకి అది అలాగ. అది ఉన్నంతసేపు చెట్టు మనం చెప్పిన వైపుకే వంగుతుంది.

సగంలో మావ ఎడమ భుజం కిందికి జారింది. బార్ వాలిపోయింది. నేను చెయ్యెత్తాను. మావ చూశాడు కూడా. కానీ అప్పటికే ఒక పక్క బందు తెగిపోయింది. చెట్టు గిర్రున తిరిగి ఇంటి వైపు వచ్చి, పెరటి కొబ్బరిచెట్టు మీద పడి, అక్కడే ఆగిపోయింది.

మొదలు మోడు మీద నుంచి జారి ఇసకలో దిగింది. తల కొబ్బరి మట్టల్లో ఇరుక్కుంది. దాని కింద దేముడమ్మ రేకులు. లోపల దేముడమ్మ.

మావ వెనక్కి పరిగెత్తాలని ముందే చూసుకున్న దారిలోనే పరిగెత్తాడు. అది మాత్రం మర్చిపోలేదు. ఆగి, తిరిగి, చెట్టుని చూస్తూ నిలబడ్డాడు. మిషన్ చేతిలోనే ఉంది. ఆయన ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు.

చుట్టూ తాడు కట్టాం. చీకటి పడింది. ఆవిడని పక్కింట్లో పడుకోమని దణ్ణం పెట్టి చెప్పి వచ్చాను. వెళ్ళిందో లేదో.

నవంబరు 13, ఉదయం

వెళ్ళలేదు. మేం వచ్చేసరికి ఆ చెట్టు కిందే కూర్చుని పొయ్యి ఊదుకుంటోంది. మేం కట్టిన తాడు మీద చీర ఆరేసింది.

నిన్నటికంటే ఇవాళ గాలి ఎక్కువగా ఉంది. గాలి వచ్చినప్పుడల్లా కొబ్బరి చెట్టు కిర్రుమంటోంది. ఆ చప్పుడు వినలేకపోతున్నాను. ఆవిడ మాత్రం, “సముద్రం ఇంట్లోకొచ్చినా ఎల్నేదు. నీ సెట్టుకి ఎల్తానేటి?” అంది. ఎండు చేపలన్నీ లోపలే ఉన్నాయట. వదిలి వెళితే కుక్కలు తినేస్తాయట.

కొబ్బరిని కోసిపారేయండి, రెండూ పడతాయి, నాకేం బాధ లేదు అని కూడా అంది.

మావ ఆ కొబ్బరి వైపే చూస్తున్నాడు. భయంగా ఉంది. ఆటోలో కూర్చుని రాస్తున్నాను.

నవంబరు 13, సాయంత్రం

అనుకున్నదే. కొబ్బరి కోసేస్తానన్నాడు. ఒకదాని మీద ఇంకోటి వాలి ఉంటే, మోస్తున్న చెట్టుని కోయకూడదు. దాని కిందికి వెళ్ళకూడదు. పైన ఎంత బరువు ఎటు లాగుతోందో ఎవరికీ తెలియదు. కోత మొదలయ్యాక పరిగెత్తే టైం ఉండదు. ఇవన్నీ నేను చెప్పాను. ఇవన్నీ మావ నాకు చెప్పినవే. అన్నీ విన్నాడు. తన వల్ల పడింది, తనే తీస్తానన్నాడు. గాలి పెరిగితే ముసలమ్మ మీద పడుతుంది, చూస్తూ కూర్చోమంటావా అన్నాడు. అది కూడా నిజమే.

హెల్మెట్ పెట్టుకున్నాడు. మఫ్లు పెట్టుకున్నాడు. ఇక నా మాట వినబడదు. మిషన్ తాడు లాగి స్టార్ట్ చేశాడు.

చెయ్యెత్తాను. చూశాడు. ఆపలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

అప్పుడు నడిచాను. ఆలోచించి చేసింది కాదు. ఎవర్నీ రానివ్వకుండా నేను కాపలా కాసే చోటులోకి నేనే వెళ్ళాను. కొబ్బరికి అవతల, సరుగుడు తల సరిగ్గా నా మీదికి వచ్చే చోట, మావకి ఎదురుగా. పైకి చూడలేదు. చూస్తే పారిపోయేదాన్ని.

మిషన్ ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఒక్కసారిగా వచ్చేసరికి సముద్రం వినబడింది.

“అవతలికెల్లు,” అన్నాడు మావ.

“ఎల్లను. నువ్వు కొయ్యి.”

“నీకేటన్నా అయిందా దేవీ?”

“నీ సెయ్యి నీ మాట ఇంటన్నాదా మావా? నానెందుకినాల?”

ఇద్దరం అక్కడి నుంచి ఎలా బయటికి వచ్చామో గుర్తు లేదు. మావ వచ్చి నా రెక్క పట్టుకుని లాక్కెళ్ళినట్టున్నాడు. కుడి చేత్తో. ఇసకలో కూలబడి, మిషన్ ఒగ్గేస్తే నేనెవర్ని అన్నాడు. మెల్లగా అన్నాడు. నిసార్ అన్నకి ఫోన్ చేశాను.

అన్న రేపు పొద్దున చేతితో తిప్పి బరువులు లాగే విన్చ్ తెస్తానన్నాడు. ఈలోగా ఈ రాత్రి గడవాలి. అప్పుడు తోచింది, ఆవిడని కదల్చలేకపోతే చేపల్ని కదల్చవచ్చు కదా అని. కప్పు వెనక వైపు చెట్టు కింద లేదు. అటు నుంచి రేకు ఊడదీసి గంపలు లాగాం. మావ అందించాడు, నేను మోశాను. ఆఖరి గంప రోడ్డు మీదికి రాగానే దేముడమ్మ పొయ్యి ఆర్పి, మమ్మల్ని తిట్టుకుంటూ వచ్చి గంపల పక్కన చాప వేసుకుంది.

ఒళ్ళంతా చేపల వాసన. కడుక్కోవాలని కూడా లేదు.

నవంబరు 14

పడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

విన్చ్‌ని దూరంగా ఉన్న తాటిచెట్టుకి కట్టి, దాని తీగని సరుగుడు మొదలుకి చుట్టాం. నిసార్ అన్న తిప్పాడు. తీగ తెగితే కొరడాలా కొడుతుంది కాబట్టి దానికి పక్కనెవరూ నిలబడకూడదు. నేనందర్నీ వెనక్కి నెట్టాను. మొదలు ఇసకలో జానెడు కదిలింది. ఆగింది. మళ్ళీ జానెడు. తల కొబ్బరి మట్టలు విరుచుకుంటూ కిందికి దిగుతోంది. మావ నా పక్కనే ఉన్నాడు.

చివరికి ఒక్కసారిగా జారి నేల మీద పడింది. రేకులకి ఒక మూల సొట్ట పడింది, అంతే. కొబ్బరి ఊగి ఊగి నిలబడింది.

ఇక దాన్ని ముక్కలు చేయాలి. మిషన్ ఇసకలో ఉంది. ఎవరూ దాని దగ్గరికి వెళ్ళలేదు. నిసార్ అన్న విన్చ్ సర్దుకుంటున్నాడు. నేను వెళ్ళి హెల్మెట్ పెట్టుకున్నాను. వదులుగా ఉంది. మావ ఏమంటాడో అని చూశాను. వచ్చి గడ్డం కింద పట్టీ బిగించాడు. ఆ తెల్లబడే వేళ్ళతోనే. చాలాసేపు పట్టింది.

తర్వాత మావ మాటలు మొదలయ్యాయి. బొటనవేలు చుట్టూ తిప్పు. కాళ్ళు ఎడంగా పెట్టు. ముక్కు ఎక్కడుందో చూసుకో. మాను రెండు చివరలూ ఎత్తు మీద ఆని ఉంటే నడుము కిందికి దిగుతుంది, పైనుంచే కోసుకుపోతే బార్‌ని కరిచేస్తుంది. అందుకని పైన కొంచెం కోసి, మిగతాది కింద నుంచి. ఇవన్నీ ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను. చూడటం వేరు. మొదటి ముక్క తెగి పడగానే నాకు ఏడుపొచ్చింది. జాలీ ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

కొంచెం కోయగానే మావ ఆపమన్నాడు. చేతులు దులపమన్నాడు. మళ్ళీ కొంచెం కోయగానే మళ్ళీ ఆపమన్నాడు. విసుగొచ్చింది. ఎందుకో అర్థమయ్యాక విసుగు పోయింది.

నవంబరు 16

రబ్బర్లు వచ్చాయి. నిసార్ అన్న మార్చాడు. నా సైజు గ్లౌజులు మాత్రం ఎక్కడా దొరకలేదు.

నవంబరు 21

మావ రెండు రోజులు ఆటో తోలాడు, ఇంకొకరి ఆటో. తిరిగొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బీడీ మానేశానంటాడు. చొక్కా వాసన చూడను. చూడకూడదనుకున్నాను.

పడిన చెట్లే ఒప్పుకుంటున్నాం. నిలబడిన చెట్టయితే వేరేవాళ్ళ నంబరు ఇస్తున్నాను. భీమిలి నుంచి ఫోనొస్తే ఎత్తడానికే భయం.

డిసెంబరు 2

తగరపువలసలో ఎండిపోయిన వేప. నిలబడి ఉన్నది. మొదటిసారి నేనే.

గాటు పెట్టాను. పారిపోయే దారి చూసుకున్నాను. వెనక కోత మొదలు పెట్టబోతుంటే, దూరంగా నా చోట్లో నిలబడ్డ మావ చెయ్యెత్తాడు. మిషన్ ఆపి, మఫ్లు తీసి, ఏమైందని అరిచాను.

“ఏటీ నేదు. నాను నీకు అవుపడతన్నానో నేదోనని.”

మళ్ళీ స్టార్ట్ చేశాను.