మోగని అంబులెన్స్ ఫోన్

తాండూరు, మంగళవారం

మా ఆసుపత్రి మేనేజర్ పేరు తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. ఇంటర్నెట్ మీద నడిచే మా ఫోన్లు తామెక్కడున్నాయో సర్వర్‌కు మాటిమాటికీ చెప్పుకోవాలి. ఎన్ని నిమిషాలకోసారి చెప్పాలనే ఆ గడువును, ఫోన్లు చూసుకునే నన్నడగకుండా ఆయనే పెంచాడు. పొద్దున కరెంటు పోయి వచ్చాక అంబులెన్స్ గది ఫోన్‌కు కొత్త అడ్రస్ వచ్చింది. ఫోన్ ఆ సంగతి చెప్పే గడువు ఇంకా రాలేదు కాబట్టి సర్వర్ మాత్రం కాల్స్‌ను పాత అడ్రస్‌కే పంపింది. యాలాల్ నుంచి ఒకామె కోడలిని ఆటోలో తెచ్చింది. కాన్పు దారిలోనే అయిపోయింది.

"ఎన్నిసార్లు చేసినా ఎత్తరేంది? నువ్వు ఆడదానివి కాదా?" అని నా చెయ్యి పట్టి గుంజింది.

"ఫోన్ల పని గీ మేడమ్‌దేనమ్మా," అన్నాడు మేనేజర్.

తల్లీబిడ్డా క్షేమమే. గడువు తగ్గించి, సర్వర్ పాస్‌వర్డ్ మార్చేశాను. అడిగినా ఆయనకు చెప్పను. ఉద్యోగం తీసేస్తే తీసేయనీ. కానీ నేను పోయాక ఇంకొకరితో పాస్‌వర్డ్ మార్పించి గడువు మళ్లీ పెంచితే...